కిందికెల్లి

పోయిన వారం కథను కరీంనగర్ మైదానంలో, ముక్కు నేలలో దిగబడిన విమానం దగ్గర ఆపాం. ఆ రోజు మనతో లేనివాళ్ళకోసం కాస్త వెనక్కి వెళ్ళి వద్దాం.

ఇది రేడియోతో ఎగరేసే బొమ్మ విమానాల పోటీల కథ. బొమ్మ అన్నానని చిన్నచూపు చూడకండి. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు మనిషి నిలువంత పొడుగుంటుంది. ముందు తిరిగే పంకా తగిలితే వేలు మిగలదు. పైలట్ నేల మీద నిలబడి, చేతిలో రిమోట్‌తో దాన్ని పల్టీలు కొట్టిస్తాడు, లూప్ అనే నిలువు చుట్లు తిప్పిస్తాడు, తలకిందులుగా నడిపిస్తాడు. కుర్చీల్లో కూర్చున్న జడ్జీలు మార్కులు వేస్తారు. పైలట్ విమానం మీద నుంచి చూపు తిప్పడానికి వీల్లేదు కాబట్టి, తరువాత చేయాల్సిన విన్యాసమేదో అతని భుజం వెనక నిలబడి ఒకరు చెబుతూ ఉండాలి. ఆ మనిషిని కాలర్ అంటారు. చొక్కాకుండే కాలర్ కాదు గాని, చొక్కా కాలరంత దగ్గరగానే ఉండే మనిషి.

మన జియావుల్లా కాలర్. కరీంనగర్‌లో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి బతుకుతాడు, సాయిచంద్ విమానానికి మాట చెబుతూ జీవిస్తాడు. ఈ రెండింటికీ తేడా ఏమిటో ఆయన భార్య మక్సూదాకు బాగా తెలుసు. సాయిచంద్ వాళ్ళది సిరిసిల్ల దిక్కు మరమగ్గాల ఇల్లు. ఇద్దరూ మీసాలు రాకముందు నుంచి జంట. మైదానంలో జియావుల్లాను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, 'సాయిచంద్ గొంతు' అనేవాళ్ళే ఎక్కువ. అలాంటిది ఈ సీజన్ మొదటి పోటీ హైదరాబాద్‌లో అయిపోయాక, విమానం కార్లో సర్దుతూ సాయిచంద్ "ఇగ నువ్వు రాకు, జియా" అన్నాడు. కారణం చెప్పలేదు. ఫోన్ కూడా ఎత్తడం మానేశాడు.

తరువాత రామగుండం దిక్కు కొలువు చేసే కోస్తా మనిషి, మండపేట ఇంజనీరు వీర్రాజు వచ్చి, నాకు చెబుతారా అని అడిగాడు. జియావుల్లా ఒప్పుకున్నాడు. రెండో పోటీ కరీంనగర్‌లో జరిగింది. ఆదివారం 'అన్‌నోన్' వచ్చింది. అంటే ముందురోజు సాయంత్రం మాత్రమే చేతికిచ్చే విన్యాసాల వరుస, ఎవరూ సాధన చేయడానికి వీల్లేనిది. అందులో పైలట్‌కు కాలర్ మాటే దిక్కు. జియావుల్లా మాట చెప్పాడు. నేలకు తక్కువ ఎత్తులో పోతున్న వీర్రాజు విమానం పైకి లేవాల్సింది పోయి కిందికి వంగి, అందరూ చూస్తుండగా మట్టిలో కూరుకుపోయింది. వీర్రాజు ఏడాదిపాటు ఒక్కడే క్వార్టర్లో కూర్చుని కట్టుకున్న విమానం అది. సాయిచంద్ మొదటి స్థానం పోకుండా పాత దోస్తు కావాలనే కొత్త దోస్తును ముంచాడని ఆ సాయంత్రానికే మాట పుట్టింది. ఆదిలాబాద్ పోటీలో కమిటీ ముందు హాజరై సంజాయిషీ ఇచ్చుకో, లేకపోతే ఇక జన్మలో మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి రాకు అని జియావుల్లాకు కబురొచ్చింది.

*

పొద్దున్నే బయల్దేరుతుంటే మక్సూదా రొట్టెల డబ్బా చేతికిచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఉడానేవాలా నై, జహాజ్ నై. జాకే క్యా కరతే జీ?"

ఎగరేసేవాడూ లేక, విమానమూ లేక, పోయి ఏం చేస్తావని ఆవిడ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. జియావుల్లా డబ్బా సంచిలో పెట్టుకుని ఆమె పక్క నుంచి వీధిలోకి నడిచాడు. ఏటా ఈ దారిలో సాయిచంద్ కారులో, వెనక సీట్లో విమానం రెక్కలను దుప్పట్లో చుట్టి, దారి పొడుగునా ఒకరినొకరు వెక్కిరించుకుంటూ పోయేవాళ్ళు. మెట్‌పల్లిలో ఆగి మిర్చి బజ్జీలు తినడం, నిర్మల్ దాటాక ఘాట్‌లో కోతులకు భయపడి అద్దాలెత్తుకోవడం, అన్నీ ఆ కారుతోనే పోయాయి. ఈసారి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. ఎవరైనా కూర్చుంటే బాగుండునని ఆయన నిర్మల్ దాకా అనుకుంటూనే ఉన్నాడు.

ఆదిలాబాద్ పొలిమేరలో, పత్తి మిల్లు వెనకున్న పెద్ద మైదానంలో పోటీ. మిల్లు యజమాని అంబదాస్‌కు విమానాల పిచ్చి ఉండబట్టి అంత జాగా ఊరికే దొరికింది. పొద్దుటి చలి ఇంకా వదల్లేదు. రోడ్డు పొడుగునా లారీల మీంచి రాలిన పత్తి పింజలు ముళ్ళ కంపలకు పట్టుకుని ఉన్నాయి. లోపల డేరాలు, బల్లల మీద రెక్కలు తొడుక్కుంటున్న విమానాలు, చాయ్ కప్పులు, నవ్వులు. జియావుల్లా అడుగుపెట్టగానే ఆ నవ్వులు ఆగలేదు గాని గొంతులు తగ్గాయి. నిరుడు ఆయన భుజం మీద చేయి వేసి ఫోటో దిగిన వరంగల్ పైలట్ వంగి షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు కట్టుకుంటాడో చూద్దామని జియావుల్లా కాసేపు అక్కడే నిలబడ్డాడు. పాపం, ఆ లేసుకు చాలా ముళ్ళు పడ్డాయి.

సాయిచంద్ డేరా అన్నిటికంటే చివర, పత్తి కట్టె దిబ్బల పక్కన ఉంది. ఈ మధ్య అతను కాలర్‌ని పెట్టుకోవడం లేదనీ, విన్యాసాల వరుసను ఫోన్‌లో రికార్డు చేసుకుని చెవిలో పెట్టుకుని వింటున్నాడనీ అందరూ చెప్పుకుంటున్నారు. హైదరాబాద్‌లో కొట్టిన మార్కులతోనే ఇంకా ముందున్నాడు. నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. జియావుల్లా వచ్చిన సంగతి చూశాడో లేదో తెలియలేదు. తల మాత్రం తిప్పలేదు.

*

షామియానా కింద కమిటీ కూర్చుంది. కమిటీ అంటే అసలు మనిషి లింగమూర్తి. వాయుసేనలో పని చేసి రిటైరైన పెద్దమనిషి, మాటల్లో ఇస్త్రీ మడత నలగనివ్వడు.

"చూడండి జియావుల్లా గారు, నేను సూటిగా అడుగుతున్నాను. ఆ రోజు ఆ లూప్‌కి మీరేం చెప్పారు?"

ఇక్కడే మన జియావుల్లా పెద్ద పొరపాటు చేశాడు. ఆఫీసర్ల ముందు నిలబడితే మనలో చాలామందికి సొంత నాలుక నోట్లో ముడుచుకుని, అరువు నాలుక బయటికొస్తుంది. పాస్‌పోర్టు ఆఫీసులోనూ బ్యాంకులోనూ ఆయనకు అలాగే వస్తుంది. ఇక్కడా వచ్చింది.

"సర్, నేను... 'ఫ్రం బాటమ్ లూప్' అని చెప్పాను సర్."

ఎదురుగా కూర్చున్న వీర్రాజు లేచి నిలబడ్డాడు. నెమ్మదైన మనిషి, ఆ రోజు మాత్రం మొహం ఎర్రబడింది.

"ఏంటండీ ఈ అన్యాయం? ఫ్రం బాటమ్ అన్న ముక్క ఈయన నోటెంట రానే లేదండి. నాకు ఇంగ్లీషు రాదనుకున్నారా? శుభ్రంగా తెలుగులో, కిందికెళ్ళమన్నారు. నా రెండు చెవులతో విన్నాను."

"లేదు సార్! కిందికి పొమ్మని నేనెందుకంట?" జియావుల్లా అరువు నాలుక జారిపోయింది. "నేల దగ్గరున్న దాన్ని ఇంకా కిందికి పొమ్మంటనా? నేను గట్ల అనలే!"

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"మరి నేను ఆడుతున్ననా?"

లింగమూర్తి బల్ల మీద పెన్నుతో కొట్టాడు. ఎవరో తీసిన ఫోన్ వీడియో పెట్టి చూశారు. అందులో గాలి హోరు, విమానం పడ్డ చప్పుడు తప్ప మాట ఏదీ లేదు. దగ్గర్లో నిలబడి విన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని లింగమూర్తి అడిగాడు.

జియావుల్లా ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఉన్నడు సార్. సాయిచంద్ ఉన్నడు. తాడు అవతలనే నిలబడ్డడు. ఆయనతోని కొట్లాట ఉన్నా సరే, నా గొంతు ఆయనకు కలల సుత తెలుస్తది. అడుగుండ్రి."

మనిషిని పంపి పిలిపించారు. సాయిచంద్ నల్లద్దాలు తీయకుండానే వచ్చి షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాడు. జియావుల్లా ఆ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎన్ని రోజులకు ఇంత దగ్గరగా చూస్తున్నాడో అనిపించింది. గడ్డం పెరిగింది, నెరిసింది కూడా. అది గీసుకోమని చెప్పేవాళ్ళెవరూ ఉన్నట్టు లేరు.

"ఆ రోజు జియావుల్లా గారు ఫ్రం బాటమ్ అన్నారా?" అడిగాడు లింగమూర్తి.

సాయిచంద్ మొహం షామియానా బయటికి తిప్పాడు.

"ఇనరాలే సార్. గాలి ఉండె."

అంతే. గుంజ వదిలి వచ్చిన దారినే పోయాడు. సాయంత్రం పందెం అయ్యాక తీర్పు చెబుతామనీ, అప్పటిదాకా తాడు లోపలికి రావద్దనీ లింగమూర్తి మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెప్పినందుకు ఇంకా ఎక్కువ బాధేసింది.

*

గేటు దగ్గర తూకం గది అరుగు మీద కూర్చున్నాడు జియావుల్లా. లోపల ఒకదాని తరువాత ఒకటి విమానాలు లేస్తున్నాయి. ప్రతి పైలట్ వెనకా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన పెదవులు వాటంతటవే కదులుతున్నాయి, వినేవాళ్ళు లేకపోయినా ప్రతి విన్యాసానికీ ఒక క్షణం ముందు మాట చెప్పుకుంటున్నాడు. రొట్టెల డబ్బా విప్పి, ఒక రొట్టె తుంచి, మళ్ళీ మూత పెట్టాడు. ఇద్దరికి సరిపడా పెట్టింది మక్సూదా, పాత అలవాటు. ఆయనకు ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఊళ్ళోకి పోయిన వీర్రాజు కారు తిరిగొచ్చింది. అప్పటికి ముందు గేటుకు అడ్డంగా పత్తి లారీలు వరుసకట్టి ఉన్నాయి. అంబదాస్ గేటు దగ్గర నిలబడి చేతులూపుతూ అరిచాడు.

"సార్! లారీలు అడ్డమున్నయ్! ఎనుకకెల్లి రాండ్రి, ఎనుకకెల్లి!"

వీర్రాజు తలూపి, కారు వెనక్కి తీసుకుని, పెద్ద రోడ్డు దాకా పోయాడు. అక్కడ తిప్పుకుని మళ్ళీ వచ్చి అదే గేటు ముందు ఆపాడు. అంబదాస్ మొహం చూడాలి.

"అరే బాబా, ఎనుకకెల్లి అంటున్న గద సార్!"

"వెళ్ళానండీ!"

"యాడికి పోయిండ్రు? ఎనుకకెల్లి రాండ్రి!"

వీర్రాజు విసుగ్గా గేరు మార్చి మళ్ళీ రోడ్డు దాకా పోయి, మళ్ళీ వచ్చాడు. ఈసారి అద్దం పూర్తిగా దించి తల బయట పెట్టాడు.

"ఇంకా ఎంత వెనక్కెళ్ళాలండీ బాబూ? మండపేట దాకా వెళ్ళి రమ్మంటారా?"

"మండపేట ఎందుకు సార్? గోడ పొంటి పోతే ఎనుక గేటున్నది, గా గేట్లకెల్లి లోపలికి రాండ్రి!"

జియావుల్లా నవ్వాడు. కరీంనగర్ పోటీ తరువాత అదే మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. రొట్టెల డబ్బా అరుగు మీదే వదిలేసి, లారీల మధ్య నుంచి దూరి, కారు దగ్గరికి పరుగెత్తాడు.

"వీర్రాజు సార్, ఒక్క మాట."

"మీతో నాకు మాటల్లేవండి."

"వద్దు, మాట్లాడకుండ్రి. గీ ఒక్కటి చెప్పుండ్రి. అంబదాస్ సాబ్ ఎనుకకెల్లి రాండ్రి అంటే మీకేం సమజైంది?"

"ఏముంది సమజవ్వడానికి? వెనక్కి వెళ్ళి రమ్మన్నాడు. రెండుసార్లు వెళ్ళొచ్చాను."

"కాదు సార్. వెనక దిక్కు నుంచి లోపలికి రమ్మన్నడు."

"ఆ మాటే అనొచ్చు కదండీ! 'నుంచి' అంటే నోరు నొప్పెడుతుందా?"

"మేము గట్ల అనం సార్." జియావుల్లాకు ఊపిరి అందడం లేదు. "మా దిక్కు కెల్లి అంటే నుంచి. ఇంట్లకెల్లి వచ్చిన అంటే ఇంట్లో నుంచి వచ్చిన అని. గా దినం మీకు నేను చెప్పింది... 'కిందికెల్లి లూప్'."

వీర్రాజు చేతులు స్టీరింగ్ మీద నుంచి జారి ఒళ్ళో పడ్డాయి.

"కిందికెళ్ళి లూప్," అన్నాడు తన యాసలో. మళ్ళీ ఒకసారి మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు. "కింది... నుంచి... లూప్."

"అవ్ సార్. కింద మొదలువెట్టి పైకి లేపాలె. నాకు గిది పుట్టినప్పటి సంది నోట్లున్న మాట. గిదొక మాటని సుత నాకు తెల్వదు. అందుకే కమిటీ ముంగట ఇంగ్లీషుల చెప్పిన. చెప్పి ఇంకింత దొంగనైన."

మామూలు సాధనలో ఈ చిక్కు రాలేదు. అప్పుడు చేసే వరుస వీర్రాజుకు కంఠతా వచ్చు, కాలర్ గొంతు పక్కన వినబడితే చాలు. అన్‌నోన్‌లో మాత్రం ఆయన చెవిన పడ్డ మాటనే నమ్మి రిమోట్ పుల్లను ముందుకు తోసి విమానం ముక్కు దించాడు. వీర్రాజు కారు దిగి నిలబడ్డాడు. లారీ డ్రైవర్లు హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు.

"అంత కింద ఉన్నదాన్ని ఇంకా కిందికెందుకు అని ఒక్క క్షణం అనిపించిందండి నాకు. కానీ మీరన్నారు కదా అని తోసేశాను. మీరు చెబితే అందులో ఏదో ఉండే ఉంటుందనుకున్నాను."

తనను అంత నమ్మిన మనిషిని ఇన్నాళ్ళు శత్రువనుకున్నందుకు జియావుల్లాకు సిగ్గేసింది. విమానం పోయినందుకు మాఫీ చేయమన్నాడు. వీర్రాజు తల అడ్డంగా ఊపి, ఆయన చేయి పట్టుకుని, గోడ వెంట నడిపించుకుంటూ వెనక గేటు వైపు తీసుకుపోయాడు.

*

లింగమూర్తి విని ముందు అర్థం కాక, తరువాత అర్థమై, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. వీర్రాజు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. అంబదాస్ మైకు అందుకుని, "జియావుల్లా భాయ్ మీద ఏ కంప్లైంటు లేదు, పక్కా లేదు!" అని మిల్లులో కూలీలకు కూడా వినబడేలా అరిచాడు. పొద్దున షూ లేసు కట్టుకున్న వరంగల్ పైలట్ చాయ్ తెచ్చి ఇచ్చాడు. భుజాల మీద చేతులు పడ్డాయి. నాకు ముందే తెలుసు అన్నవాళ్ళు చాలామంది తేలారు. తెలిసినవాళ్ళు పొద్దున ఎక్కడికి పోయారో అడగాలనిపించింది గాని, జియావుల్లా చాయ్ తాగి ఊరుకున్నాడు.

"రేపు అన్‌నోన్‌కి మీరే చెప్పాలండి," అన్నాడు వీర్రాజు. "అప్పు తెచ్చిన విమానం, జాగ్రత్తగా ఎగరేసుకుందాం. పైనుంచి, కిందనుంచి అనండి చాలు. ఆ కెల్లి ఒక్కటి మాత్రం మనిద్దరి మధ్యా వద్దు."

సరేనన్నాడు జియావుల్లా. పేరు దక్కింది, తాడు లోపలికి దారి దొరికింది. పొద్దుటినుంచి ఇదే కదా కోరుకున్నాడు. మరి ఎందుకు గుండెలో ముల్లు కదులుతోందో ఆయనకు చాయ్ కప్పు కింద పెట్టేటప్పుడు తెలిసింది.

వీర్రాజుది మండపేట. సాయిచంద్‌ది మండపేట కాదు.

సాయిచంద్ తాడు అవతల నిలబడ్డాడు. కిందికెల్లి అన్న మాట అతనికి చేరకపోయే ప్రసక్తే లేదు. ఇంతకంటే పెద్ద గాలిలో, ఇంతకంటే దూరంలో, ఒక్కసారి కూడా ఏమన్నావని తిరిగి అడిగిన మనిషి కాదు. కమిటీ ముందు జియావుల్లా ఫ్రం బాటమ్ అని నీళ్ళు నములుతున్నప్పుడు, అసలు అన్నదేమిటో ఆ షామియానా కింద తెలిసిన ఒకే ఒక్కడు సాయిచంద్. ఒక్క మాట చాలేది. ఆ ఒక్క మాట చెప్పకుండా గుంజ వదిలి పోయాడు. ఊరంతా దొంగ అన్న రోజుల్లో కూడా జియావుల్లాకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు కనీసం, సాయిచంద్‌కు తెలియదులే అనుకునే వీలుండేది.

ఆయన లేచి పత్తి కట్టె దిబ్బల వైపు నడిచాడు.

*

సాయిచంద్ విమానం మీద దుప్పటి కప్పుతున్నాడు. అడుగుల చప్పుడుకే మనిషిని గుర్తుపట్టినట్టున్నాడు, తిరగకుండానే చేతులు ఆపాడు.

"గా దినం ఇన్నవా, ఇనలేదా?" అడిగాడు జియావుల్లా.

"మైకుల ఇన్న ఇప్పుడే. నీ మీద ఏం లేదన్నరు గద. మంచిగైంది."

"నేను అడిగింది గది కాదు చందూ."

సాయిచంద్ దుప్పటి అంచు సర్దాడు. సర్దిన అంచునే మళ్ళీ సర్దాడు.

"ఇన్న."

"మరి గంత మంది ముంగట ఇనరాలే అంటివి. నన్ను మైదానంలకెల్లి ఎల్లగొడుతుంటే చూసుకుంట నిలబడ్డవ్. నేనేం జేసిన నీకు?"

"గా మాట మనది, జియా." సాయిచంద్ దుప్పటి వదిలేసి ఇటు తిరిగాడు. "చేతంత విమానం తోని మొదలువెట్టిన నాటి సంది నువ్వు నా చెవుల చెప్పిన మాట. కిందికెల్లి, మీదికెల్లి, సీదా, ఉల్టా. గా దినం తాడు అవతల నిలబడి ఇంటే, నువ్వు ఇంకొకని చెవుల చెప్తున్నవ్. నాకు కడుపుల మంట లేసింది. ఆయన విమానం పడంగనే నాకు మొదలు ఏమనిపించిందో తెలుసా? మంచిగైంది అనిపించింది. గంత పాపిష్టి ముచ్చట కమిటీ ముంగట ఎట్ల చెప్పాలె?"

జియావుల్లా కోపం తెచ్చుకుందామని చూశాడు. దారంతా కూడగట్టుకున్న కోపం సమయానికి చేతికి రాలేదు. ఈ మనిషి కూడా తనలాగే పక్కనున్న ఖాళీ సీటును చూసుకుంటూ ఆదిలాబాద్ దాకా వచ్చి ఉంటాడని అనిపించింది.

"నువ్వే రాకు అంటివి గద," అన్నాడు.

"అన్న."

"ఎందుకన్నవ్? నేను తప్పు చెప్పిన్నా ఎన్నడన్న?"

"లేదు."

"మరి?"

సాయిచంద్ మళ్ళీ దుప్పటి అంచు పట్టుకున్నాడు. మైదానం వైపు నుంచి అంబదాస్ గొంతు మైకులో వినిపించింది. రేపు పొద్దున అన్‌నోన్‌లో మొట్టమొదట ఎగరేసేది సాయిచంద్ అని, జడ్జీల ముందు పిల్లలను కూర్చోబెట్టుకున్న ఊరివాళ్ళు కొంచెం వెనక్కి జరగాలని చెబుతున్నాడు. అంతలో వీర్రాజు అప్పు తెచ్చిన విమానాన్ని పరీక్షకు లేపాడు. అది దిబ్బల మీదుగా తిరిగి వస్తుంటే, జియావుల్లా అలవాటు కొద్దీ తలెత్తాడు. పక్కన సాయిచంద్ కూడా తలెత్తాడు. ఎత్తాడు గాని, విమానం ఉన్న వైపు కాదు. చప్పుడు వస్తున్న వైపు, ఒక బెత్తెడు వెనకకు.

జియావుల్లా ఆకాశంలో చూడటం మానేసి ఆ మొహాన్ని చూశాడు. ఆ మొహం పక్కన నిలబడి ఎన్ని ఏళ్ళు గడిపాడో, ఆ చూపు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలిసినంతగా సాయిచంద్‌కు కూడా తెలియదు. ఇప్పుడా చూపు ఎక్కడా ఆగడం లేదు. కాలర్ అయితే చొక్కా కాలరంత దగ్గర నిలబడతాడు, కళ్ళు పోతున్నాయని ఒక్క రోజులో కనిపెట్టేస్తాడు. అందుకే రాకు అన్నాడు.

వీర్రాజు విమానాన్ని తలకిందులుగా తిప్పాడు. తెలుసుకోవడానికి పైలట్ కూడా కానక్కర్లేదు. దాని వీపు ఎర్రరంగు, పొట్ట మీద నల్లవీ తెల్లవీ పెద్ద పెద్ద గళ్ళు. ఇప్పుడు ఎర్ర వీపు నేల వైపుంది, గళ్ళ పొట్ట ఆకాశం వైపుంది. ఎండ మంచిగా పడుతోంది. గేటు దగ్గర లారీ డ్రైవర్ కూడా చూపించి చెప్పగలడు.

"చందూ," అన్నాడు జియావుల్లా. "వీర్రాజు విమానం ఎట్లున్నది? సీదానా, ఉల్టానా?"

సాయిచంద్ నల్లద్దాలు తీశాడు. కళ్ళు నలుపుకున్నాడు. చప్పుడు వెంట తల తిప్పుతూ చాలాసేపు చూశాడు.

"సీదా," అన్నాడు.

విమానం వాళ్ళ తలల మీద నుంచి తలకిందులుగానే దాటిపోయింది.

సాయిచంద్ చేయి గాలిలో తడుముకుంటూ వచ్చి జియావుల్లా మోచేతిని పట్టుకుంది.

"కాదా, జియా?"